ఒడ్డున ఎవరు, పడవల్లో ఎవరు: నార్మండీ సైన్యాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం పొద్దున్నే పెదవాల్తేరులో మా మేడ మీద పాత దుప్పటి ఒకటి పరుస్తాం. దాని మీద సుద్దముక్కతో సముద్రం గీత గీసి, అగ్గిపెట్టెలు పేర్చి, 1944 జూన్ 6న ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో జరిగిన యుద్ధాన్ని గంట గంటకీ కదుపుతూ ఆడతాం. నీలం కాగితం అంటించినవి అమెరికన్లు, పసుపువి బ్రిటిష్, కెనడియన్ దళాలు, బూడిదరంగువి జర్మన్లు. బడిలో చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి పిల్లలంతా నన్ను "మాస్టారూ" అనే పిలుస్తారు. కొత్తవాళ్లు వచ్చిన ప్రతిసారీ అవే ప్రశ్నలు, నావి అవే జవాబులు. అందుకే వాటిని ఇక్కడ రాసిపెట్టాను. ఇది చదివి వస్తే ఆదివారం ఓ గంట మిగులుతుంది.

ముందు ఇది చెప్పండి. ఏ బీచ్‌లో ఎవరికి ఎదురు ఎవరు?

పడమటి నుంచి తూర్పుకి, అంటే దుప్పటి మీద ఎడమ నుంచి కుడికి చెప్పుకొద్దాం. మొత్తం తీరం దాదాపు 80 కిలోమీటర్లు. విశాఖలో బయల్దేరి సముద్రం వారగా తుని దగ్గరి తీరం దాకా పోయినంత దూరం.

దిగే మిత్రపక్షం (అమెరికా, బ్రిటన్, కెనడా) దాన్ని ఐదు బీచ్‌లుగా పంచుకుని రహస్య పేర్లు పెట్టుకుంది. ఎడమ కొసన యూటా. అక్కడ దిగింది అమెరికా 4వ పదాతి డివిజన్. ఒడ్డున కాపు కాసింది జర్మన్ 709వ డివిజన్‌లోని 919వ రెజిమెంట్. వాళ్ల వెనక, పొలాల్లో, చిత్తడి నేలల్లో అర్ధరాత్రే అమెరికా 82, 101 పారాచూట్ డివిజన్లు దిగిపోయాయి. వాటికి ఎదురుపడింది 91వ డివిజన్, 6వ పారాచూట్ రెజిమెంట్. ఆ 91వ డివిజన్ కమాండర్ ఫాలీ తన కార్యాలయానికి తిరిగొస్తూ అమెరికన్ పారాట్రూపర్ల చేతిలో ఆ తెల్లవారుజామునే చనిపోయాడు. డివిజన్ యుద్ధం ఇంకా మొదలుపెట్టనే లేదు.

తరువాతది ఒమాహా. దిగినవి అమెరికా 1వ డివిజన్‌లోని 16వ రెజిమెంట్, 29వ డివిజన్‌లోని 116వ రెజిమెంట్. ఎదుట 352వ డివిజన్, దాని కింద పెట్టిన 726వ రెజిమెంట్. దీని గురించి కిందన విడిగా చెబుతాను, ఒక్క పేరాలో తేలేది కాదు.

మధ్యలో గోల్డ్. బ్రిటిష్ 50వ డివిజన్. ఎదుట ఎక్కువగా 716వ డివిజన్ మనుషులు, పడమటి చివర లె అమెల్ ఊళ్లో మాత్రం 352వ డివిజన్ వాళ్లు. ఆ ఊరి దగ్గర బ్రిటిష్‌వాళ్లు మధ్యాహ్నం దాటేదాకా ఇరుక్కుపోయారు.

జూనో కెనడా 3వ డివిజన్‌ది. ఎదుట 716లోని 736వ రెజిమెంట్. కుడి కొసన స్వోర్డ్, బ్రిటిష్ 3వ డివిజన్, లార్డ్ లోవాట్ కమాండోలు. ఎదుట మళ్లీ అదే 736, వెనక కాన్ నగరం చుట్టూ 21వ పాంజర్ (ట్యాంకుల) డివిజన్. ఇంకా తూర్పున, నది అవతల, బ్రిటిష్ 6వ ఎయిర్‌బోర్న్ డివిజన్ రాత్రే గ్లైడర్లలో, పారాచూట్లలో దిగి వంతెనలు పట్టుకుని కూర్చుంది.

ఇక్కడ ఒక్క సంగతి చూడండి. గోల్డ్ సగం నుంచి స్వోర్డ్ చివరిదాకా మూడు మిత్రపక్ష డివిజన్లకి ఎదురు నిలబడింది 716 ఒక్కటే. దాంట్లో 8 వేల మంది కూడా లేరు. ఆ సాయంత్రానికి అది డివిజన్‌గా మిగల్లేదు.

డివిజన్, బ్రిగేడ్, రెజిమెంట్, బెటాలియన్: ఏది పెద్దది?

డివిజన్ పెద్దది. అమెరికా పదాతి డివిజన్‌లో సుమారు 14 వేల మంది, బ్రిటిష్ డివిజన్‌లో 18 వేలు. డివిజన్ కింద అమెరికాకి మూడు రెజిమెంట్లు, బ్రిటన్‌కి మూడు బ్రిగేడ్లు. ఒక్కోదాంట్లో మూడేసి బెటాలియన్లు.

చిక్కంతా రెజిమెంట్ అన్న మాటతోనే. అమెరికన్లకీ జర్మన్లకీ రెజిమెంట్ అంటే కలిసి పోరాడే దళం. బ్రిటిష్‌వాళ్లకి అది ఇంటిపేరు. ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్ 2వ బెటాలియన్ స్వోర్డ్‌లో దిగితే, అదే రెజిమెంట్ 5వ బెటాలియన్ గోల్డ్‌లో దిగింది. రెండూ వేర్వేరు డివిజన్లు, ఒకదాని ముఖం ఒకటి చూడలేదు. మనకిది కొత్తేమీ కాదు. మద్రాస్ రెజిమెంట్‌లో పనిచేసే మన వైపు కుర్రాళ్లని అడగండి. అన్నదమ్ములిద్దరిదీ అదే రెజిమెంట్, ఒకడు కాశ్మీర్‌లో, ఒకడు అస్సాంలో. ఆ పద్ధతి మన సైన్యానికి బ్రిటిష్‌వాళ్ల నుంచే వచ్చింది.

జర్మన్ల లెక్కలో ఇంకో మెలిక ఉంది. 1944 నాటికి మనుషులు చాలక కొత్త డివిజన్లలో రెజిమెంట్‌కి రెండే బెటాలియన్లు పెట్టారు. కాబట్టి "మూడు రెజిమెంట్లకి మూడు రెజిమెంట్లు, సరికి సరి" అని అగ్గిపెట్టెలు పేర్చారంటే ఆట మొదటి నిమిషంలోనే తప్పు.

ఒమాహాలో 352వ డివిజన్ ఎక్కణ్ణుంచి ఊడిపడింది? కసరత్తు కోసం అనుకోకుండా వచ్చిందంటారు కదా?

ఊడిపడలేదు. మార్చి నెల నుంచే అక్కడుంది. ఆ కసరత్తు కథ యుద్ధం తరువాత పుట్టింది, ఇప్పటికీ చావట్లేదు.

జరిగిందిది. మిత్రపక్షం గూఢచారి విభాగం ఈ డివిజన్ సెంట్ లో పట్టణం దగ్గర, తీరానికి 30 కిలోమీటర్ల పైన లోపల ఉందనుకుంది. ఒడ్డున ఉండేది 716వాళ్లే, అదీ పలచగా, అని పడవలెక్కిన సైనికులకి చెప్పారు. మార్చి మధ్యలో ఆ తీరం కాపలా చూస్తున్న జర్మన్ సేనాని రోమెల్ దాన్ని తీరానికి జరిపించాడు. జూన్ మొదట్లో బ్రిటిష్ అధికారులకి అనుమానం తగిలింది కానీ, అప్పటికే ప్రణాళికలు ముద్రై, దళాలు గేట్లు మూసిన శిబిరాల్లో ఉన్నాయి. అనుమానం కాగితం మీదే ఉండిపోయింది.

ఇంతవరకు చాలామందికి తెలుసు. తెలియంది తరువాతి భాగం. ఇసుక అంచున బంకర్లలో కూర్చున్నవాళ్లలో చాలామంది 352వాళ్లు కారు, ముందు నుంచీ అక్కడే ఉన్న 726వ రెజిమెంట్ వాళ్లే. ఆ రెజిమెంట్ పుట్టుకతో 716ది, 352 కింద పెట్టారు. 352 వచ్చి చేసింది ఏమిటంటే, ఆ వరసకి వెన్ను ఇచ్చింది. 916వ రెజిమెంట్ బెటాలియన్లు వెనకా పక్కనా చేరాయి, 105 మిల్లీమీటర్ల ఫిరంగులు లోపల పొలాల్లో గురిపెట్టి కూర్చున్నాయి. ఒడ్డున ముందున్న పరిశీలకులు ఫోన్‌లో చెబితే అవి పేల్చేవి. కొలతలు ముందే తీసుకుని ఉన్నారు. పడవ తలుపు తెరుచుకునే చోటే గుండు పడిందంటే కారణం అదే.

నేను మొదటి ఏడాది 352 డివిజన్ మొత్తాన్నీ ఒమాహా మీద పేర్చేశాను. పది అగ్గిపెట్టెల వరస, చూడ్డానికి గోడలా ఉంది. డిగ్రీ రెండో ఏడు చదువుతున్న అమ్మాయి ఒకతె దుప్పటి పక్కన గొంతుక్కూర్చుని, కాసేపు చూసి, "మాస్టారూ, 914 ఎక్కడ? 915 ఎక్కడ?" అంది. 914 నిజానికి పడమట, ఇసిన్యీ పట్టణం వైపు. 915 అసలు తీరంలోనే లేదు. పదిలో సగం పెట్టెలు తీసి జేబులో వేసుకోవలసి వచ్చింది. వేళ్లు కాలినట్టయింది గానీ, ఆ రోజు నుంచి ప్రతి పెట్టె మీదా బెటాలియన్ నంబరు రాస్తున్నాను.

352 మేటి డివిజనేనా?

కాదు. 1943 చివర్లో, రష్యా యుద్ధంలో చితికిపోయిన డివిజన్ల మిగులుతో, పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లతో కలిపి కుట్టిన దుప్పటి అది. అధికారులు, సార్జెంట్లలో కొందరికి తూర్పు యుద్ధరంగంలో రాటుదేలిన అనుభవం ఉంది. కుర్రాళ్లకి తుపాకీ సాధన కంటే తీరంలో గుంజలు పాతే పనే ఎక్కువైంది. మనుషులు 12 వేల పైచిలుకు. లారీలు తక్కువ, సైకిళ్లు, గుర్రాలు ఎక్కువ. కమాండర్ డీట్రిష్ క్రైస్ అనుభవమున్నవాడే. ఆగస్టులో గాయాలతో చనిపోయాడు.

అయితే పక్కనున్న 709, 716 డివిజన్లతో పోల్చి చూస్తే మాత్రం మేటిలా కనిపిస్తుంది. అవి "కదలని" డివిజన్లు. సొంత బళ్లు లేవు, వయసు మళ్లినవాళ్లు ఎక్కువ, ఫిరంగులేమో ఫ్రాన్స్, చెక్, పోలండ్ సైన్యాల నుంచి లాక్కున్నవి. ఒక్కో ఫిరంగికి ఒక్కో కొలత గుండు. కొట్టు నడిపేవాడికి అర్థమవుతుంది ఆ బాధ.

యూటాలో 200 మంది, ఒమాహాలో వేలమంది. ఎందుకింత తేడా?

యూటాలో 4వ డివిజన్ ఆ రోజు 197 మందిని పోగొట్టుకుంది, చనిపోయినవాళ్లూ గాయపడ్డవాళ్లూ కలిపి. ఒమాహాలో పాత లెక్క 2,400 దగ్గర, తరువాత పేరు పేరునా లెక్క తీసినవాళ్లు దాదాపు దానికి రెట్టింపు చెబుతారు. పిల్లలు వెంటనే "352 వల్ల" అంటారు. అది సగం జవాబు.

నేల చూడండి. ఒమాహా 8 కిలోమీటర్ల వంపు. కోస్టల్ బ్యాటరీ దగ్గర మొదలుపెట్టి, తెన్నేటి పార్కు దాటి, జోడుగుళ్లపాలెం దాకా నడిచినంత. ఆ పొడవునా ఇసుక వెనక నిటారుగా లేచిన గట్టు, 30 నుంచి 50 మీటర్లు. మన కైలాసగిరి అంత కాదు కానీ, తలెత్తి చూడాల్సిన ఎత్తే. బళ్లు పైకెక్కాలంటే దాన్ని చీల్చిన నాలుగైదు డొంకలే దారి. జర్మన్ బంకర్లన్నీ ఆ డొంకల నోళ్ల దగ్గరే. యూటాలో గట్టు లేదు, ఇసుక దిబ్బలు, వెనక నీళ్లు నింపిన పొలాలు.

ఆకాశం చూడండి. ఒమాహా మీద పెద్ద బాంబర్లు మబ్బుల పైనుంచి వచ్చాయి. కింద తమ పడవల మీదే పడతాయేమోనన్న భయంతో కొన్ని క్షణాలు ఆగి వదిలారు. ఆ క్షణాలు నేల మీద కిలోమీటర్లు. బాంబులన్నీ ఆవుల మీద, పంటల మీద పడ్డాయి, ఒడ్డున ఒక్క బంకరు కదల్లేదు. యూటాలో చిన్న బాంబర్లు మబ్బు కిందికి దిగి, తీరం వెంబడే పోతూ వేశాయి. తగిలాయి.

అదృష్టం చూడండి. యూటాలో ప్రవాహం పడవల్ని రెండు కిలోమీటర్లు దక్షిణానికి తోసేసింది. అనుకోకుండా దిగిన చోట కాపలా పలచన. జనరల్ థియొడోర్ రూజ్‌వెల్ట్ జూనియర్, కీళ్లనొప్పులతో చేతికర్ర పట్టుకుని మొదటి పడవల్లోనే దిగిన మనిషి, యుద్ధం ఇక్కడి నుంచే మొదలుపెడదామని తేల్చేశాడు.

ఒక్క మెషిన్‌గన్ మనిషి వేలమందిని చంపాడట?

లెక్క మీరే వేయండి. మొత్తం తీరం మీద, ఫిరంగులు, మోర్టార్లు, మందుపాతరలు, మునిగిన పడవలు, అందరు మెషిన్‌గన్నర్లూ కలిపితే పైన చెప్పిన అంకె. అందులో గాయపడ్డవాళ్లే ఎక్కువ. ఒక్కడికి అందులో వేలు ఎక్కణ్ణుంచి వస్తాయి?

ట్యాంకులు ఈదుకుంటూ వచ్చాయన్నది నిజమా?

నిజం. షెర్మన్ ట్యాంకు చుట్టూ దళసరి గుడ్డ తెర నిలబెట్టి, వెనక రెండు చక్రాల లాంటి ప్రొపెల్లర్లు బిగించారు. నీళ్లలో చూస్తే తెర అంచు మాత్రమే కనిపిస్తుంది, చిన్న పడవ అనుకుంటాం. ఒమాహా తూర్పు సగంలో 741వ ట్యాంకు బెటాలియన్ తీరానికి ఐదారు కిలోమీటర్ల దూరంలోనే 29 ట్యాంకుల్ని నీళ్లలోకి దింపింది. ఆ రోజు అలలు మన అక్టోబరు వాయుగుండం నాటి సముద్రంలా లేకపోయినా, గుడ్డ తెరకి మాత్రం చాలా ఎక్కువ. 27 మునిగిపోయాయి. పడమటి సగంలో 743వ బెటాలియన్‌ని మోసుకొచ్చిన నౌకాదళం అధికారి సముద్రం వాలకం చూసి, ఈతా వద్దు పాడూ వద్దని పడవల్ని నేరుగా ఇసుక మీదికే తోలాడు.

జాలరిపేటలో తెప్ప వేసేవాణ్ణి ఎవరినైనా అడగండి, ఆ పొద్దున దింపాలో వద్దో ఒక్క చూపులో చెప్పేవాడు. అంకెలు చదివినవాళ్ల కంటే నీళ్లు చదివినవాడి మాట నెగ్గిన చోట ట్యాంకులు ఒడ్డెక్కాయి.

ఆటుపోట్లకీ ఇందుకూ ఏమిటి సంబంధం? బీచ్ బీచే కదా?

ఈ ప్రశ్న విశాఖ పిల్లలే అడుగుతారు, తప్పు వాళ్లది కాదు. మన తీరంలో పోటుకీ పాటుకీ తేడా రెండు మీటర్లు కూడా ఉండదు. ఆర్కే బీచ్‌లో పొద్దున వదిలిన చెప్పులు సాయంత్రానికీ దాదాపు అక్కడే ఉంటాయి. నార్మండీలో ఆ తేడా ఆరు మీటర్ల పైమాట. పాటు సమయంలో సముద్రం వెనక్కి పోయి 300 మీటర్లకి పైగా తడి ఇసుక బయటపడుతుంది. కొన్ని గంటల్లో అదంతా మళ్లీ నీళ్ల కింద.

రోమెల్ ఆ ఇసుకంతా అడ్డంకులు నాటించాడు. చెక్క దుంగల కొసన మందుపాతరలు, ఇనుప కమ్మీల ముళ్లు, గేట్ల లాంటి చట్రాలు. పోటు మీద వచ్చే పడవ వాటిని చూడదు, చీలిపోతుంది. అందుకని మిత్రపక్షం పాటు మీదే, అడ్డంకులు బయట కనిపిస్తుండగా దిగింది. దానికి మూల్యం ఆ 300 మీటర్ల పరుగు, వీపు మీద ముప్పై కిలోల తడి సామాను. పోటు పడమటి నుంచి తూర్పుకి ఆలస్యంగా వస్తుంది కాబట్టి అమెరికన్లు 6:30కి, బ్రిటిష్ కెనడియన్లు గంట ఆలస్యంగా దిగారు. ఆ గంటలో నౌకల ఫిరంగులు బ్రిటిష్ తీరాల్ని ఇంకాసేపు దంచాయి. ఒమాహా మీద నౌకల కాల్పులు 40 నిమిషాలకే ఆగిపోయాయి.

మరి ఒమాహాని ఎలా గెలిచారు?

డొంకల్ని వదిలేసి. కాగితం మీద ప్రణాళిక అంతా డొంకలెక్కడం. అక్కడ చచ్చిపోతున్నామని తెలిశాక, బతికినవాళ్లు చిన్న చిన్న గుంపులుగా బంకరుకీ బంకరుకీ మధ్య ఖాళీల్లోంచి గట్టెక్కారు. గడ్డి తగలబడి పొగ కమ్మిన చోట్ల మరీ తేలికైంది. 29వ డివిజన్ ఉప కమాండర్ నార్మన్ కోటా ఇసుక మీద నిలబడి తిరుగుతూ మనుషుల్ని లేపి పంపించాడు.

రెండోది నౌకలు. సైన్యాల పట్టికలు రాసేటప్పుడు అందరూ మర్చిపోయేది ఇదే, నేనూ మర్చిపోయాను. అమెరికా డెస్ట్రాయర్లు ఇసుకలో కూరుకుపోయే ప్రమాదం ఉన్నా తీరానికి కిలోమీటరు దూరం లోపలికి వచ్చేసి, బంకరు కంతల్లోకి సూటిగా కొట్టాయి. ఇప్పుడు మా దుప్పటి మీద వాటికీ అగ్గిపెట్టెలున్నాయి, గుర్రం బొమ్మ బ్రాండువి, తేలిగ్గా గుర్తుపట్టడానికి.

మూడోది, జర్మన్ ఫిరంగులకి మధ్యాహ్నానికి గుండ్లు అడుగంటాయి. రోడ్ల మీద విమానాలు కాపు కాస్తుంటే మళ్లీ తెచ్చే దారి లేదు.

ఈ గెలుపుకి ముందు పోయినవాళ్లలో 116వ రెజిమెంట్‌లోని 'ఎ' అనే కంపెనీ ఒకటి. వర్జీనియా రాష్ట్రంలో బెడ్‌ఫర్డ్ అనే చిన్న ఊరి కుర్రాళ్లు అందులో చాలామంది, ఊరి మిలీషియా కింద కలిసి చేరినవాళ్లు. ఆ ఊరివాళ్లు దాదాపు ఇరవై మంది ఆ ఒక్కరోజే పోయారు. పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం అని ఇంటికో సైనికుడున్న ఊరుంది కదా, అలాంటి ఊళ్లోంచి అందరూ ఒకే పడవెక్కితే ఏమవుతుందో ఊహించుకోండి. అమెరికా డీ-డే (ఈ జూన్ 6 దాడి రోజు పేరు) జాతీయ స్మారకం ఇప్పుడు ఆ ఊళ్లోనే ఉంది.

జర్మన్ ట్యాంకులు ఏం చేస్తున్నట్టు?

మూడు పాంజర్ డివిజన్లు అందుబాటులో ఉన్నాయి. 12వ ఎస్ఎస్, పాంజర్ లెర్ రెండూ హిట్లర్ చెప్పందే కదలకూడదు. ఆయన నిద్రలో ఉన్నాడు, లేచాక కూడా అసలు దాడి ఫ్రాన్స్‌లోనే కాలే అనే రేవు దగ్గర జరుగుతుందనే అనుకున్నాడు. అనుమతి మధ్యాహ్నం దాటాక వచ్చింది. రోమెల్ భార్య పుట్టినరోజని జర్మనీలో ఇంట్లో ఉన్నాడు.

దగ్గరున్నది 21వ పాంజర్ ఒక్కటే. పొద్దున నదికి తూర్పున పారాట్రూపర్ల మీదికి పంపి, మళ్లీ పిలిచి, కాన్ నగరం చుట్టూ తిప్పి, సాయంత్రం నాలుగు దాటాక స్వోర్డ్ మీదికి తోలారు. ట్యాంకులు పెరియే గట్టు దగ్గర బ్రిటిష్ ఫిరంగులకి దెబ్బతిని ఆగాయి. పదాతి దళంలో ఒక ముక్క మాత్రం జూనోకీ స్వోర్డ్‌కీ మధ్య ఖాళీలోంచి దూరి రాత్రి ఎనిమిదింటికి నిజంగా సముద్రం చూసింది. కాసేపటికి తల మీంచి బ్రిటిష్ గ్లైడర్లు వందలుగా పోతుంటే, మన వెనక దిగుతున్నారనుకుని వెనక్కి తగ్గారు. ఆ రోజు మొత్తంలో జర్మన్లు మిత్రపక్షం తీరాల మధ్య సముద్రాన్ని చేరుకున్నది ఆ ఒక్కసారే.

జర్మన్ వరసలో అందరూ జర్మన్లేనా?

కాదు. "ఓస్ట్" బెటాలియన్లని ఉండేవి. తూర్పు యుద్ధరంగంలో పట్టుబడ్డ సోవియట్ మనుషులు, ఆకలి శిబిరంలో చావడం కంటే ఈ యూనిఫామ్ మేలనుకున్నవాళ్లు. గోల్డ్ దగ్గర 441వ ఓస్ట్ బెటాలియన్ ఉంది. తొందరగానే చెదిరిపోయింది. ఎవరి కోసం చావాలి వాళ్లు?

మరి భారతీయులు ఉన్నారా?

నార్మండీ ఒడ్డున భారత డివిజన్ లేదు. అదే సమయంలో భారత సైన్యం 4, 8, 10 డివిజన్లు ఇటలీలో పోరాడుతున్నాయి. బర్మా వైపు ఇంఫాల్, కొహిమా యుద్ధం నడుస్తోంది. డీ-డే మీద మనకింత మమకారం, కొహిమా మీద ఇంత మరపు ఎందుకో నాకు అర్థం కాదు.

రెండో పక్షాన, నేతాజీ జర్మనీలో నిలబెట్టిన ఇండియన్ లెజియన్, జర్మన్ లెక్కల్లో 950వ రెజిమెంట్, అప్పుడు ఫ్రాన్స్‌లోనే ఉంది. కానీ నార్మండీలో కాదు, ఎక్కడో దక్షిణాన బోర్డో దగ్గర లకనో సముద్రతీరం కాపలాలో. ఎవరూ అక్కడ దిగలేదు.

నేవీ డే నాడు ఆర్కే బీచ్‌లో చూపిస్తూ వచ్చినది ఇదేనా?

వరస ఇదే, ఎదురు మాత్రం లేదు. గాలిపడవల్లో ముందుగా వచ్చే మార్కోస్ (నేవీ కమాండోలు), హెలికాప్టర్లు, తరువాత నోరు తెరిచే లాండింగ్ క్రాఫ్ట్. ఐఎన్ఎస్ జలాశ్వ మన విశాఖ ఓడే, 2007లో అమెరికా నుంచి కొన్నాం, అక్కడ దాని పేరు ట్రెంటన్. దాని వెనక భాగంలో గది లాంటి డాక్ ఉంటుంది. అందులోకి సముద్రపు నీళ్లు నింపుతారు, లోపలున్న లాండింగ్ క్రాఫ్ట్ తేలి బయటికి వస్తుంది. 1944లో మనుషులు వల లాంటి తాళ్లు పట్టుకుని, ఊగే పడవల్లోకి ఓడ పక్క నుంచి దిగేవాళ్లు. ఒమాహా మనుషులు ఒడ్డు చేరక ముందే వాంతులతో సగం చచ్చారంటే అందుకే. 2019లో టైగర్ ట్రయంఫ్ పేరుతో అమెరికావాళ్లూ మనవాళ్లూ కలిసి విశాఖ, కాకినాడ తీరాల్లో ఈ విద్య సాధన చేశారు.

మన దేశం నిజంగా యుద్ధంలో ఇలా దిగిందా?

1971 డిసెంబరులో, ఇప్పటి బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ దగ్గర. పాకిస్తాన్ సైనికులు బర్మాకి తప్పించుకోకుండా గూర్ఖా సైనికుల్ని ఓడల్లో పంపారు. ఒడ్డున శత్రువు లేడు. ఎదురు నిలిచింది నేల. ఓడ ముక్కు ఇసుక మేట మీద ఆగింది, మేటకీ ఒడ్డుకీ మధ్య లోతైన కాలవ. ముందు దూకినవాళ్లలో కొందరు మునిగి చనిపోయారు. ఎదుట ఏ దళం ఉందో రాసే పట్టికలో నేను అప్పటి నుంచి ఇసుక మేటకీ ఒక గడి పెడుతున్నాను.

రెండో ప్రపంచ యుద్ధంలో విశాఖలో జపాన్ దిగబోయిందా?

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ, కాకినాడ మీద బాంబులు వేశాయి. దిగుతారన్న భయంతో జనం ఊళ్లు వదిలి పారిపోయారు. దిగలేదు. ఆ భయం కట్టించిన పిల్‌బాక్స్ ఒకటి జోడుగుళ్లపాలెం దగ్గర అలలు ఇసుకని కోసుకుపోయాక బయటపడింది. పిల్లల్ని అక్కడికి తీసుకెళ్తుంటాను. కాంక్రీటు మీద చెయ్యి పెట్టి చూడమంటాను, గవ్వల ముక్కలు గరగరలాడతాయి. వాళ్లంతా కంతలోంచి సముద్రం వైపు చూసి, "ఇక్కణ్ణుంచి ఓడల్ని కాల్చేవాళ్లా?" అంటారు. ఒమాహాలో గట్టి బంకర్లు సముద్రం వైపు చూడవు. సముద్రం వైపు మందపాటి గోడ, కంత పక్కకి, తీరం పొడవునా చూస్తుంది. ఓడ నుంచి కొడితే గోడకి తగులుతుంది, లోపలున్నవాడు ఇసుక మీద పరిగెత్తేవాళ్లని అడ్డంగా, వరసగా కొడతాడు. ఇసుక మీద నిలబడి అటూ ఇటూ చూస్తేనే ఆ అడ్డం ఎంత భయంకరమో అర్థమవుతుంది.

ఇంతకీ 915 పెట్టె ఎక్కడ పెట్టాలి?

వారం వారం వచ్చే ప్రశ్న. గడియారం చూసి పెట్టాలి. 915వ రెజిమెంట్, ఒక ఫ్యుజిలియర్ (పదాతి) బెటాలియన్, కలిపి లెఫ్టినెంట్ కర్నల్ మెయెర్ కింద బయో పట్టణం దగ్గర రిజర్వు. తీరం మీద ఎక్కడ చిల్లి పడితే అక్కడికి పరిగెత్తాల్సినవాళ్లు వీళ్లే.

రాత్రి మూడు దాటాక పెట్టెని ఎడమకి జరపండి. పారాచూట్లు దిగాయన్న కబురు విని, కోర్ (కొన్ని డివిజన్లు కలిపిన దళం) కమాండర్ మార్క్స్ వాళ్లని పడమటికి పంపాడు. ఆ పారాచూట్లలో కొన్ని గడ్డి కుక్కిన బొమ్మలు. సైకిళ్ల మీద, ఫ్రెంచి డ్రైవర్లు తోలే లారీల్లో చీకట్లో బయల్దేరారు. తెల్లారి ఆరు కాబోతుంటే ఆగమన్నారు. అక్కడ ఆపండి పెట్టెని. పొద్దున ఒమాహా కాలిపోతుంటే అందులోంచి ఒక బెటాలియన్‌ని విడదీసి అటు పంపారు, కాబట్టి పెట్టె తెరిచి కొన్ని పుల్లలు తీయండి. మిగతా పెట్టెని వెనక్కి, కుడికి, మొత్తం వచ్చిన దారంతా తిప్పి గోల్డ్ వెనక బజాన్విల్ దగ్గరికి తేవాలి. పైన విమానాలు ఉన్నాయి, నెమ్మదిగా జరపండి. మధ్యాహ్నం గడిచిపోతుంది.

అక్కడ పసుపు పెట్టెలు ముందే ఉంటాయి, బ్రిటిష్ 50వ డివిజన్‌వి. మెయెర్ అక్కడే చనిపోయాడు. చీకటి పడేసరికి ఆ పెట్టెని దుప్పటి మీంచి తీసి పక్కన పెట్టేయండి.